ముందుగా వేగే ఆలుగడ్డ సమోసా

ఇవాళ ఇంట్లో కీమా సమోసాలు చేస్తుంటే, పుదీనా వేసిన కీమా వాసనకు మన బెల్లంపల్లి బొగ్గుగని క్వార్టర్లు కళ్లముందుకొచ్చాయి. అక్కడ పెరిగినవాళ్లకు మా పక్కింటి ఖాలా గుర్తుందా? రంజాన్ నెలలో సాయంత్రమైతే మనమంతా ఆమె కడాయి చుట్టూనే ఉండేవాళ్లం.

సోమవారం మా అవ్వకు రాజన్న దేవుడి ఒక్కపొద్దు. ఆ రోజు నీచు ముట్టదు. అందుకే ఖాలా ఆమెకోసం నాలుగు సమోసాల్లో ఆలుగడ్డ కూరి, కీమా తగలని కొత్త నూనెలో వాటినే ముందుగా వేయించేది. మనం చేయి చాపితే, "జర ఆగుండ్రి, ముందుగాల అక్కయి తీస్త" అని అవ్వవి పక్కకు తీసిపెట్టేది. ఖాలా రోజా విడిచే వేళకే అవ్వ దీపం పెట్టి ఒక్కపొద్దు విడిచేది.

బొగ్గుబాయి మూతపడ్డాక ఖాలా వాళ్లు ఎటు పోయారో తెలియదు. క్వార్టర్లు కూలగొట్టారు. నిరుడు అవ్వ కూడా పోయింది.

పొద్దున సోమవారమని గుర్తొచ్చి, ఆలోచించకుండానే ఒక ఆలుగడ్డ ఉడకేశాను. కొత్త నూనెలో మొదట ఆ సమోసానే వేశాను.

"అమ్మా, మనింట్ల అందరం కీమా తింటం గదా. గీ ఆలుగడ్డది ఎవరికి?" అని నా బిడ్డ అడిగింది.

అందరూ తిని లేచారు. అదొక్కటి పళ్లెంలోనే చల్లారిపోయింది.