పెద్దమ్మ కుట్టిన తెర

బట్ట చిరిగినా మా పెద్దమ్మ వేసిన కుట్టు ఊడదని వీధిలో అందరూ అంటారు. ఎంత చిన్న పనికైనా రెండో కుట్టు వేయనిదే ఆమె మనసు కుదుటపడదు. తొమ్మిదో తరగతిలో నా చదువు ఆగిపోయాక నేనూ ఆమె కొట్లోనే గుండీలు కుడుతూ కూర్చుంటున్నాను.

ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు మా ఊళ్ళో జరుగుతాయనగానే గోడలన్నీ కొత్త రంగులు తొడుక్కున్నాయి. ఒకరోజు కంట్రాక్టరు మనిషి ఆకుపచ్చ గుడ్డ తాన్లు కొన్ని మా కొట్లో దించాడు. స్టేడియం దగ్గర కట్టే తెరలట. గాలికి విడిపోకూడదని పెద్దమ్మ ప్రతి అతుకుకీ రెండేసి కుట్లు వేసింది.

తీరా చూస్తే ఆ తెరను మా వీధి ముందే, రోడ్డు పొడవునా కట్టారు. ఆటగాళ్ళ బస్సులు వెళ్ళే దారి అది. మా పాత కొట్లు వాళ్ళ కంట పడకూడదట.

పక్కనున్న సెలూన్ బాబాయి ఊరుకుంటాడా?

"నీ చేత్తో నువ్వే మనందర్నీ మూటగట్టేశావు కదా వదినా! కనీసం నా కొట్టు ముందరైనా ఒంటి కుట్టుతో సరిపెట్టకపోయావా?"

"నాకేమైనా కలొచ్చిందా?" అంది పెద్దమ్మ. నవ్వలేదు.

రోడ్డున పోయేవాళ్ళే మా గిరాకీ. తెర కట్టాక ఒక్కరూ రాలేదు. పెద్దమ్మ మిషన్‌కి నూనె వేయడం, తుడవడం, మళ్ళీ నూనె వేయడం. పోటీలు అయ్యేదాకా ఇలాగే ఉంటే కొట్టు మూతపడినట్టే. అప్పుడు ఆమె ఎక్కడ కూర్చుంటుంది? నేనెక్కడ కూర్చుంటాను?

ఒక మధ్యాహ్నం ఆమె చిన్న కత్తెర తీసుకుని లేచింది.

"రా, గుడ్డ పట్టుకో."

కొట్టుకు ఎదురుగా ఉన్న అతుకును మనిషి దూరేంత మేర విప్పింది. తన కుట్టు విప్పడానికి తనకే చెమటలు పట్టాయి.

"చాలు పెద్దమ్మా, ఎవరైనా చూస్తారు."

"ఇలా వదిలేస్తే పీచులొస్తాయే పిచ్చిపిల్లా" అంటూ రెండు అంచులూ మడిచి కుట్టింది. వాటికీ రెండేసి కుట్లు.

మర్నాడు తెర కట్టించిన కంట్రాక్టరు సూపర్‌వైజరు వచ్చాడు. నేను మిషన్ వెనక్కి జరిగాను. అతను ఆ అంచుల్ని వేళ్ళతో తడిమి చూశాడు.

"ఇక్కడ దారి వదలమని మావాళ్ళే చెప్పారా అమ్మా?"

పెద్దమ్మ నోటినిండా గుండుసూదులు. తల ఊపిందో లేదో పక్కనున్న నాకే తెలియలేదు.

"నాకు మాత్రం ఎవరూ ఏదీ చెప్పి చావరు. కనుక్కుని వస్తా" అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

సాయంత్రం ఒకావిడ తెరలోని ఆ సందులోంచి వచ్చి కొడుకు ప్యాంటు ఇచ్చింది. పెద్దమ్మ కుట్టడానికి కూర్చుంది. తెర అవతల ఏ బండి ఆగినా ఆమె కాలు మిషన్ తొక్కడం మానేస్తోంది. బండి కదిలేదాకా నేనూ సూది దించడం లేదు.