హుసేన్‌బీ మిద్దెకు నేను చేసిన చిల్లు

మానవ భూగోళశాస్త్రం చదవాలని ఎందుకు కోరిక పుట్టిందో రాసి పంపమన్నారు మద్రాసు కాలేజీవారు. మంచు ఇళ్ళ గురించీ, జపానువాళ్ళ కాగితపు గోడల గురించీ పుస్తకాలు చూసి ఎనిమిది పేజీలు దంచాను. "నీ కళ్ళతో చూసిన ఇల్లొక్కటీ లేదేం?" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు ఆచార్యులు. పౌరుషం పొడుచుకొచ్చింది. కొలతల టేపు సంచిలో వేసుకుని కడపలో రైలెక్కాను.

గుంతకల్లులో ఒకసారి, డోనులో ఒకసారి బండి మారాలి. డోనులో పొద్దుటి బండి అందితే తొమ్మిదిన్నరకల్లా కర్నూలు చేరతాం. అక్కణ్ణుంచి కోడుమూరుకు బస్సులో ఆరణాలు. యుద్ధకాలం కాబట్టి పెట్రోలు లేక బొగ్గుతో నడుస్తోంది. రెండుచోట్ల దిగి తోశాం. "మా ఊర్లో చూసేకి ఏముండాదప్పా?" అన్నాడు డ్రైవరు. ఇళ్ళు చూడాలంటే నవ్వాడు.

మా నాన్నకు తెలిసిన రైతు దస్తగిరి ఇల్లు అక్కడికి రెండు మైళ్ళు. ఆయన భార్య హుసేన్‌బీ కొర్రన్నం, ఉలవచారు పెట్టింది. తిని మిద్దెక్కాను. కప్పంతా మన్నే. ఇంటి నెత్తిన ఇంత మన్నెందుకని లోలోపల నవ్వుకుని, టేపు కొస నిలవడానికి జానెడు మేకు దిగ్గొట్టాను. కొలతలయ్యాక పీకేశాను.

నాలుగింటికి వాన. విత్తనాలకు పదునయిందని ఇంట్లో సంబరపడుతుండగానే కప్పు నుంచి ధార, సరిగ్గా విత్తనపు కొర్రల గంపలోకి. తడిసిన గింజ విత్తే గొర్రు గొట్టాల్లోంచి జారదు.

"చౌడు గట్టిగా కొట్టమంటే ఇనలేదు. తెల్లారి ఏం ఇత్తేదే?" అని భార్య మీద విరుచుకుపడ్డాడు దస్తగిరి. ఏటా వానలకు ముందు చౌడుమన్ను పరిచి దిమ్మిసతో కొడితే చుక్క దిగదని నాకప్పుడే తెలిసింది. ఆమె గంపను పక్కకు లాగింది. నేను గోడకానుకుని నిలబడ్డాను.

వాన తగ్గాక ఆమె తట్టతో చౌడు తీసుకుని పైకెక్కింది. వెనకే వెళ్ళాను.

"అక్కా, అది నా మేకు చేసిన చిల్లు."

ఆమె తలెత్తకుండానే మన్ను కూరుతోంది. "గుండ్రంగా ఉండాది బొక్క. నాకు తెలీదా అప్పా? ఇంటికొచ్చినోన్ని యాడ తిడ్తాడో అని నేనే పడితి."

కిందికి దిగి దస్తగిరికి చెప్పాను. ఆయన భార్య ముఖం చూడలేక, దుప్పటి తేవడానికి లేచాడు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ముగ్గురం గింజలు దుప్పటి మీద ఆరబోశాం. మర్నాటికి సగమే పనికొచ్చాయి.

ఆ పూట సిగ్గు ఇప్పటికీ పోలేదు. నా కోసం ఒకామె తిట్లు తింటుంటే గోడకానుకుని నిలబడినవాణ్ణి నేను. మనుషులు ఎలా బతుకుతారో తెలుసుకోవాలన్న కోరిక నిజంగా పుట్టింది ఆ గోడ దగ్గరే. అంతకుముందున్నది గొప్పలు చెప్పుకునే తహతహ. మద్రాసుకు మళ్ళీ రాసినప్పుడు ఇంతే రాశాను. ఈ వైపు వచ్చేవారికి ఒక్క మాట: మిద్దె ఎక్కేముందు ఇంటావిణ్ణి అడగండి, పైన ఏదీ దిగ్గొట్టకండి. పొరపాటు జరిగితే, ఆమె మాట పడకముందే చెప్పండి.