హార్లన్ బరువు బాణం

మా ఆయన హార్లన్‌కి తొందరంటే గిట్టదు. ఆయన రంపాలు బాగుచేసే కొట్టుకి ఎవరైనా వచ్చి "ఎప్పుడిస్తావు?" అంటే "అయినప్పుడు" అంటాడు. పెళ్లి మాటా అంతే. ఈయన అడిగేలా లేడని విసిగిపోయి మా నాన్నే అడిగేశాడు. అలాంటి మనిషి బాణం మాత్రం వేగంగా ఎందుకు పోతుంది?

మా ఆర్కన్సా కొండల్లో విల్లుతో జింకల వేటకి పోయేవాళ్లందరివీ ఇప్పుడు తేలిక బాణాలే. రివ్వున పోతాయి. ఈయన మాత్రం బాణం మొనకి వెనకాల ఇత్తడి ముక్క బిగించి, తూచి, చాలదని ఇంకోటి బిగిస్తాడు. తూచేది ఎందులోననుకున్నారు? నేను జామ్‌కి పంచదార తూచుకునే త్రాసులో!

మా అల్లుడు కర్టిస్ నోరు ఊరుకోదు. "మామయ్యా, నీ బాణం చేరేలోపు జింక మేత మేసి, నీళ్లు తాగి, ఓ కునుకు కూడా తీస్తుంది."

"తియ్యనీ. నీ బాణం ఎముక తగిల్తే అక్కడే ఆగిపోద్ది. నాది ఇటు దూరి అటు పోద్ది. పాపం, దాని బాధ అక్కడితో తీరిపోద్ది."

అది ఊరికే అన్న మాట కాదు. పెళ్లయిన కొత్తలో తేలిక బాణంతో ఓ జింకని కొట్టాడు. బాణం భుజం ఎముకలో ఇరుక్కుంది. జింక పారిపోయింది. వాగు వెంట ఎంత వెతికినా దొరకలేదు. తిండి మానేసి కూచున్నాడు. "ఇంకోసారి ఇలా జరిగితే విల్లు ముట్టను" అన్నాడు. ఆయన అన్నాడంటే అన్నట్టే.

కిందటేడు ఆయన భుజానికి ఆపరేషన్ అయింది. పాత విల్లు లాగలేక మెత్తటిది కొన్నాడు. మెత్తటి విల్లుకి బరువు బాణం! ఇంకేముంది, మూలుగుతూ పోతుంది. కర్టిస్ తన తేలిక బాణాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఈయన వాటివైపు చూడనైనా లేదు.

"బాగా దగ్గరికొస్తేనే వేస్తా" అన్నాడు.

"నిన్ను చూసి మోజుపడి వస్తాయా దగ్గరికి?" అన్నాను.

"నువ్వు రాలేదూ?"

నవ్వొచ్చింది గానీ లోపల భయమే. ఒక్క జింక గాయంతో తప్పించుకుపోయిందా, ఈ మనిషి అడవి మానేస్తాడు. అడవి మానేస్తే కుర్చీలో కూచుని ఎండిపోతాడు. ఆ రోజు చూడటం నావల్ల కాదు.

అక్టోబరంతా ఉత్త చేతులతోనే వచ్చాడు. "కనపడ్డాయి. దూరం" అనేవాడు. నవంబరులో ఓ సాయంత్రం వేటగాళ్ల మకాంకి బీన్స్ కుండ, మొక్కజొన్న రొట్టె పట్టుకెళ్లాను. అప్పుడే చెట్లలోంచి వస్తున్నాడు, చేతిలో బాణంతో. జింక మాత్రం లేదు. కుండ కింద పెట్టేశాను.

"ఏమయ్యా, కొట్టావా?"

"వేశాను. దగ్గరే నుంచుంది. వింటితాడు చప్పుడు విని చటుక్కున వంగింది. బాణం వీపు మీంచి పోయింది."

కర్టిస్ బాణం లాక్కుని తిప్పి తిప్పి చూశాడు. నెత్తురు చుక్క లేదు, వెంట్రుక లేదు. ఉత్త మట్టి.

"చెప్పానా మామయ్యా! నాదైతే అది వంగేలోపే తగిలేది!"

"తగిలేది. ఎక్కడ? ఎముకలోనా?"

కర్టిస్ బాణం ఆయన చేతిలో పెట్టేశాడు.

మా మకాంలో గురి తప్పినవాడి చొక్కా అంచు కోసి గోడకి మేకుతో కొడతారు. అందరి గుడ్డముక్కలూ అక్కడున్నాయి, ఒక్క హార్లన్‌ది తప్ప. ఎవరో కత్తెర తెచ్చారు. గోలగోలగా నవ్వులు.

"మీరెవరూ కాదు. మా ఆవిడ నెట్టీ కొయ్యాలి" అని ఆయన నావైపు వీపు తిప్పి నిలబడ్డాడు.

అది నేను క్రిస్మస్‌కి కుట్టిన చొక్కా. ఇంకెప్పుడైనా అయితే చంపేసేదాన్ని.

"కానియ్యవే, ఏం చూస్తావు? వచ్చే ఏడు వేటకి ఇంకోటి కుట్టిద్దువు గాని."

వచ్చే ఏడు అన్నాడు! ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. అంచు కొయ్యమంటే సగం చొక్కా కోసేశాను.