బీమా కార్డుకు ఫొటో

మొన్న ఒక ఉదయం మా మేనకోడలు నడిపే నర్సింగ్ హోములో, మందుల కౌంటరు వెనక నా కోసం ఎప్పుడూ వేసి ఉంచే కుర్చీలో కూర్చుని ఉండగా ఆమె ఫోను టింగుమంది. ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం వాళ్ళు ఆసుపత్రులకు పంపే తాజా సూచన అది. ఇకమీదట చేర్చుకున్న ప్రతి రోగి ముఖాన్నీ మంచం దగ్గరే ఫోనుతో తీసి పంపాలనీ, ముఖం సరిపోలకపోతే వైద్యానికి అనుమతి రాదనీ దాని సారాంశం. మేనకోడలు ఇడ్లీ తింటూనే ఒక్క చూపు చూసి, ఆ ఫోనును కంప్యూటరు ముందున్న అమ్మాయికి అందించి, తన పనిలో తాను పడిపోయింది. వారానికి రెండు మూడు వస్తాయట అలాంటివి. నాకు మాత్రం ఆ పూట టిఫిను సయించలేదు.

ఫార్మసీ డిప్లొమా చేతికొచ్చిన ఏడే నేను నరసరావుపేటలో ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా చేరాను. ఎనభైల నడుమ మాట. ఆయన సొంత ప్రాక్టీసుతోపాటు మిల్లు కార్మికుల బీమాకు ప్యానెల్ డాక్టరుగా కూడా ఉండేవారు. అంటే, సర్కారు వాళ్ళ సొంత డిస్పెన్సరీ లేని ఊళ్ళో, బీమా కార్డున్న కార్మికుడికీ అతని ఇంటివాళ్ళకూ ఊళ్ళోని డాక్టరే వైద్యం చేస్తాడన్నమాట. మా దగ్గర లొంగని జబ్బయితే జిల్లా కేంద్రంలోని బీమా ఆసుపత్రికి చీటీ రాసి పంపాలి. మా వీధి అరుగు మీద పొద్దున్నే మొదలయ్యే వరసలో స్పిన్నింగ్ మిల్లు మూడు షిఫ్టుల వాళ్ళూ ఉండేవారు, జుట్టులో దూది పొట్టుతో, దగ్గుతో, నిద్రలేని కళ్ళతో.

ఆ బీమా ఆఫీసు నుంచి సర్క్యులర్లు వచ్చేవి. సైక్లోస్టైల్ కాగితం, అరిగిన అక్షరాలు, కిరసనాయిలు లాంటి వాసన, మీలో ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ఇంకా ముక్కులో ఉండే ఉంటుంది. అంతా ఇంగ్లీషు. ఏ మందు ఇక ఇవ్వకూడదు, దాని బదులు ఏది ఇవ్వాలి, ఏ జబ్బుకు ఎన్నాళ్ళ సెలవు రాయొచ్చు, చీటీ మీద ఎవరి ముద్ర ఉండాలి. డాక్టరు గారికి వాటిని చదివే ఓపిక లేదు, నాకేమో వాటి మీద మోజు. పాఠాలన్నీ ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుని చదివినవాణ్ణి, సర్క్యులరు కనపడితే విడదీసి తెలుగులో రాసుకునేవాణ్ణి. సోమవారం పొద్దున అరుగు మీద నిలబడి వరస మొత్తానికీ వినపడేట్టు చదవడం నా అలవాటుగా మారింది. ఎవరూ చెప్పమనలేదు, చెప్పకపోతే వాళ్ళకు తెలిసే దారి ఇంకోటి లేదంతే.

నేను గొంతు సవరించుకోగానే వరసలో ఎవరో ఒకరు అందుకునేవారు. "ఒరేయ్, పంచాంగం మొదలెట్టాడు. మన రాశికి ఏ మందు రాసిపెట్టుందో వినండి" అని ఒకడంటే, "నీ రాశికి ఆదాయం రెండు మాత్రలు, వ్యయం పద్నాలుగు దగ్గులు" అని ఇంకొకడు. నవ్వేవాళ్ళు నవ్వేవారు, వినేవాళ్ళు వినేవారు.

ఆ రోజుల్లో మిల్లు రోడ్డులో కార్డు ఒకరిదైతే వైద్యం ఇంకొకరిది. పక్కింటావిడ వదిన, ఎదురింటాయన బాబాయి, పాలు పోసేవాడు బావ. చుట్టరికాలు అంత ధారాళంగా ఉన్నచోట "మా వదినండీ" అని కార్డు చాపితే అది అబద్ధమని అనుకునేవాళ్ళు కూడా కాదు. డాక్టరు గారు చూసీ చూడనట్టు పోయేవారు. ఈ సంగతి పై ఆఫీసుకు చేరినట్టుంది, ఒక సర్క్యులరు వచ్చింది. ఇకమీదట ప్రతి కార్డు మీదా కుటుంబమంతా కలిసి దిగిన ఫొటో ఉండాలి, దాని మీద మిల్లు ఆఫీసు ముద్ర ఉండాలి, ఫొటోలో ఉన్నవాళ్ళకే వైద్యం. మా దగ్గర మందుల మాట ఎట్లాగో సర్దుకోవచ్చు గాని, జిల్లా కేంద్రంలో మంచం దొరకాలంటే మాత్రం ఫొటో తప్పనిసరి.

ఆ పదిహేను ఇరవై రోజులూ బస్టాండు పక్క స్టూడియో తిరునాళ్ళలా ఉండేది. స్టూడియో నడిపే సాయిబు గారిని ఊరంతా మామూ అనేవారు. షిఫ్టు దిగి నేరుగా వచ్చిన మగవాళ్ళ నెత్తిన దూదిని బట్టల బ్రష్షుతో దులిపి మరీ కూర్చోబెట్టేవాడాయన. పుట్టి బుద్ధెరిగాక మొదటి ఫొటో దిగుతున్నవాళ్ళు చాలామంది. ఊపిరి బిగబట్టి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కోర్టులో నిలబడ్డట్టు ఉండేవాళ్ళు.

ఆ మిల్లులోనే దారాలు అతికే పని చేసే మనిషి ఒకతను ఉండేవాడు. ఈపూరు దగ్గర పల్లెలో మెట్టచేను వరసగా ఎండిపోతే పేటకు వచ్చి మిల్లులో కుదిరాడు. ఇంట్లో తల్లి, భార్య, నాలుగేళ్ళ కూతురు. భార్యకు అప్పుడు ఏడో నెల. కార్డులు చూసి సరిపోల్చుకునే పని నాది కనుక, అతని ఫొటోలో ముగ్గురే ఉండటం నా కంట పడింది. మీ ఆవిడేదయ్యా అని అడిగితే అతను తలొంచుకున్నాడు. వెనక నిలబడ్డ తల్లి అందుకుంది.

"ఏంది బాబూ నీ గోల? కడుపుతో ఉన్నదాన్ని ఫొటో తీస్తే ఆయుస్సు కోసుకుపోద్ది. మా పెద్దపిల్లకి సీమంతం నాడు ఎవడో తీశాడు. పురుడు దాటిందా? దాటలా. ఇది పురుడు పోసుకున్నాక బిడ్డనెత్తుకుని దిగుద్దిలే, నీ కాగితం యాడికీ పోదు."

పురిట్లో కూతుర్ని పోగొట్టుకున్న తల్లి మాట అది. అయినా నేనూరుకోలేదు. పురుడు కోసమే కదమ్మా ఆసుపత్రి కావాల్సిందని చెప్పాను. డాక్టరు గారితోనూ చెప్పించాను. ఆవిడ పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని, ఎనిమిదో నెల దాటనీయండి చూద్దాం అంది. అది మొండితనం కాదు, భయం. ఒకసారి కాలిన చెయ్యి.

ఎనిమిదో నెల నడిమిలో ఆ అమ్మాయి వచ్చింది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టక వట్టికాళ్ళతో నడిచి వచ్చింది. తలనొప్పి అంది. డాక్టరు గారు బీపీ చూసి, నమ్మలేనట్టు మళ్ళీ చూశారు. నేను మూత్రం పరీక్షనాళికలో పోసి స్పిరిట్ దీపం మీద పట్టుకుంటే, పైభాగం చూస్తుండగానే విరిగిన పాలలా తెల్లగా గడ్డకట్టింది. మూత్రంలో ప్రొటీను పోతోందన్నమాట, బీపీతో కలిస్తే గర్భిణికి ఫిట్సు తెచ్చే గుర్తు. మాత్రలిచ్చి, చీటీ రాసి, తెల్లారి మొదటి బస్సుకే వెళ్ళి చేరిపొమ్మన్నారు. "ఫొటో లేదని బీమా ఆసుపత్రిలో కుదరదంటే ఆ ఊళ్ళోనే సర్కారు పెద్దాసుపత్రి ఉంది, కార్డుతో పనిలేదు, అక్కడికి పోండి. వెనక్కి మాత్రం రావద్దు" అని భర్తతో ఒకటికి రెండుసార్లు చెప్పడం నేను విన్నాను. అతను తలూపాడు.

వెళ్ళారు, వెనక్కొచ్చారు.

ఎందుకొచ్చారో తర్వాత తెలిసింది. ఇన్నేళ్ళయినా నన్ను తొలిచేది ఆ కారణమే. అక్కడి కౌంటరు గుమస్తా వాళ్ళను కసిరి ఉంటే, పొమ్మని ఉంటే, తిట్టుకుంటూ పెద్దాసుపత్రికి పోయేవాళ్ళు. పల్నాటి మనిషికి పొమ్మంటే పట్టుదల వస్తుంది. కానీ ఆ గుమస్తా మంచివాడు. పేరున్న కార్డే, మనిషి ఫొటోలో లేదు, అంతే కదా, ఫొటో వేయించుకుని ముద్ర కొట్టించుకు రండి, మంచం ఉంచుతాను అన్నాడట. అంత మర్యాదగా ఒక ఆఫీసులో ఎవరూ వాళ్ళతో మాట్లాడి ఎరగరు. మాట ఇచ్చిన మనిషిని కాదని ఇంకోచోటికి పోవడం తప్పనిపించింది. మా దగ్గరికి రాకుండా నేరుగా ఇంటికి పోయారు.

మర్నాడు కొడుకు షిఫ్టుకు పోయాక, ఆ అత్తగారే కోడల్ని వెంటబెట్టుకుని స్టూడియోకు వెళ్ళింది. ఎంత మథనపడి ఉంటుందో ఊహించుకోండి. మధ్యాహ్నం టీకొట్టు దగ్గర మామూ నాతో మామూలుగా అన్నాడు. "మీ కార్డు పుణ్యమా అని ఇవాళ నిండు చూలాల్ని తీశా. ఆ పెద్దమ్మ కోడలి బుగ్గన చుక్క పెట్టింది, కడుపు కనపడకుండా మనవరాలిని స్టూలెక్కించి ముందు నిలబెట్టింది. ఆ కోడలు పిల్ల లైటు కేసి చూడలేక కళ్ళు మూసుకుంటది, ఎన్ని తూర్లు తీశానో."

టీ గ్లాసు అక్కడే వదిలేసి వెళ్ళి డాక్టరు గారికి చెప్పాను. ఆయన వరసను వరసలాగే వదిలి స్కూటరు తీశారు, వెనక నేను ఎక్కాను. ఒంటిగది ఇల్లు. నులక మంచం మీద ఆ అమ్మాయి, నుదుటన తడిగుడ్డ. దూలం రెండుగా కనపడుతోంది అంటోంది. వెనక్కెందుకొచ్చారని డాక్టరు గారు గట్టిగా అడిగితే అత్తగారు బిత్తరపోయింది. "మంచం ఉంచుతానన్నాడు బాబూ. ఫొటో ఎల్లుండిస్తానన్నాడు మామూ. నేనే దగ్గరుండి తీయించా" అంది, తప్పు దిద్దుకున్న మనిషిలాగా.

కబురంపి పిలిపించిన మిల్లు జీపు వచ్చేలోపే మొదటి ఫిట్సు వచ్చింది. డాక్టరు గారు ఇంజెక్షను చేసి తానూ జీపెక్కారు. భర్తను మిల్లు గేటు దగ్గర ఎక్కించుకున్నారు. ఫిరంగిపురం చేరకముందే అయిపోయింది. బిడ్డ కూడా దక్కలేదు. సాయంత్రం జీపు తిరిగి వస్తుంటే, అది వస్తున్న నెమ్మదిని బట్టే వీధిలో అందరికీ అర్థమైంది.

దీని తర్వాత జరిగింది నేను ఊహించనిది. వీధిలో ఎవరూ వాపుల గురించి మాట్లాడలేదు, రక్తపోటు గురించి మాట్లాడలేదు. ఫొటో దిగింది, పోయింది, అన్నారు. ఒక ఇంట్లో ఇద్దరు. ఇంకేం రుజువు కావాలి? ఆ ఏడు మిల్లు రోడ్డులో నెల తప్పిన ఏ ఆడమనిషీ స్టూడియో గడప తొక్కలేదు. చదువుకున్న సూపర్‌వైజరు భార్య కూడా తొక్కలేదు. మామూ సైతం, కాస్త కడుపు కనపడితే చాలు, వద్దు తల్లీ అని చేతులు జోడించేవాడు. ఆయన కడిగి పట్టుకొచ్చిన ఆ ఫొటోను భర్త తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు, తల్లి అటు చూడలేదు. నేను అరుగు మీద నిలబడి పరీక్షనాళిక గురించి ఎంత చెప్పినా, వినడం విన్నారు గాని నమ్మింది మాత్రం ఆ ఫొటోనే.

డాక్టరు గారు పై ఆఫీసుకు రాశారు. జవాబు లేకపోతే మళ్ళీ రాశారు. ఆయన చెబుతుంటే టైపు చేసింది నేనే. గర్భిణికి ఫొటో అడగవద్దు, ప్యానెల్ డాక్టరు సంతకం చాలనండి, అంతే ఆయన కోరింది. వేసవి పోయి, వానలు పోయి, మిర్చికి నీళ్ళు కడుతున్న రోజుల్లో సర్క్యులరు వచ్చింది. మేము రాసిన ఊసు అందులో లేదు. అరపేజీ. గర్భిణుల విషయంలో ప్రసవమయ్యేదాకా డాక్టరు ధ్రువపత్రమే చాలు.

ఆ సోమవారం అది చదివాను. పంచాంగం అని ఎవరూ అనలేదు. మోకాళ్ళ నొప్పుల మందు కోసం వచ్చిన ఆ అత్తగారు గోడకు చేయి ఆనించి నిలబడి ఉంది. నేను చూడనట్టే చదివి ముగించాను.

"ఇంకోతూరి చదువు అబ్బాయ్" అంది.

చదివాను. ఆవిడ వరసలో తన వెనక ఆరో నెల కడుపుతో ఉన్న పిల్ల వైపు తిరిగింది. ఎవరి కోడలో, వినుకొండ వైపు నుంచి కొత్తగా వచ్చినట్టుంది. "విన్నావా? నీకు ఫొటో అక్కర్లా. కాగితం చాలు. వాళ్ళు చేర్చుకోకపోతే పక్క ఆసుపత్రికి పో. మంచిగా చెప్పినా సరే, వెనక్కి రామాక."

ఆ తర్వాత కూడా సోమవారాలు ఆవిడ వచ్చేది. మందు తీసుకున్నాక వెళ్ళిపోకుండా, తనకు సంబంధం లేని సెలవు చీటీల నిబంధనలు కూడా చివరిదాకా నిలబడి వినేది. కూర్చోమన్నా కూర్చునేది కాదు.

ఆ మిల్లు మూతపడి చాలాకాలమైంది. డాక్టరు గారు లేరు, ఆవిడా లేదు. ఫొటో అంటే ఆ భయం ఇప్పుడెవరికీ లేదు, నిండు నెలల అమ్మాయిలు మిరపచేలో నిలబడి మరీ తీయించుకుంటున్నారు. చూస్తే సంతోషంగానే ఉంటుంది. వైద్యమూ అప్పటికన్నా ఎన్నో రెట్లు మేలు, కాదనను. కానీ ఎవరికి ఏది దొరుకుతుందో, ఏది దొరకదో తేల్చే మాట ఇప్పుడు ఎవరి నోటా పలకకుండా ఒక ఫోనులోంచి ఇంకో ఫోనులోకి పోతోంది. దాన్ని వేళాకోళం చేయడానికి వరస లేదు, ఇంకోసారి చదవమని అడగడానికి అరుగు మీద మనిషి లేడు. తనకు సంబంధించిన నిబంధన ఒకటి మారిందని, ఆసుపత్రి గుమ్మంలో నిలబడేదాకా పేషెంటుకు తెలియడం లేదు.