ఎడమ చేతి తాళం మీద జావా పాఠం

పక్షవాతం నా కుడి చేతిని కొంచెమే పట్టుకుంది. మాటని మాత్రం పూర్తిగా పట్టుకుపోయింది. తలలో వాక్యం నిండుగా ఉండేది, నోటిదాకా వచ్చేసరికి ముక్కలయ్యేది. నీళ్లు అడగబోతే "తలుపు" అనేదాన్ని. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో పన్నెండేళ్లు జావా అనే కంప్యూటర్ భాష చెప్పిన నోరు ఇది!

పంజాగుట్ట ఆసుపత్రిలో మాట నేర్పే థెరపిస్టు అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది: "మేడం, చాలామందికి మాట ఎడమ మెదడుల ఉంటది. మీకు దెబ్బ గక్కడ్నే తగిలింది. రాగం సంగతి ఎక్కువ కుడి దిక్కు చూస్కుంటది. గది మంచిగనే ఉన్నది. పాడుండ్రి."

నాకు ఒళ్లు మండింది. పసిపిల్లలా పాడాలా? అయినా ఎడమ చేత్తో బల్ల మీద తాళం వేస్తూ "నా-కు నీ-ళ్లు కా-వా-లి" అని సాగదీశాను. మాట తిన్నగా వచ్చింది. ఏడ్చేశాను.

ఆరో నెలలో సెంటర్‌కి వెళ్లాను. యజమాని మర్యాదస్తుడు, అదే నాకు మంట. "జర రెస్ట్ తీస్కోండ్రి మేడం. రిసెప్షన్ల కూసోండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. అమీర్‌పేటలో కొత్త బ్యాచ్‌కి మొదటి క్లాసు ఉచితం. దాన్నే డెమో అంటారు. పాఠం నచ్చితే పిల్లలు చేరతారు, లేకపోతే పక్క సెంటర్ మెట్లెక్కుతారు. జాలిపడి ఎవరూ చేరరు. నాకు కావలసిందీ అదే. ఎడమ చేత్తో వంకరటింకరగా "డెమో" అని రాసి ఆయన ముందు పెట్టాను. ఇష్టం లేకపోయినా తలూపాడు.

సోమవారం ఉదయం గది నిండింది. తాళం వేస్తూ "క్లాస్ అం-టే ఇడ్లీ రే-కు, ఆబ్జెక్ట్ అం-టే ఇడ్లీ" అని మొదలుపెట్టాను. వెనక బెంచీల్లో నవ్వులు. తాళం ఆపలేదు. నవ్వుకోండి నాయనా, ఎడమ మెదడు ఎగ్గొట్టిన డ్యూటీ కుడి మెదడు చేత చేయిస్తున్నాను, మీకేం తెలుసు అనుకున్నాను. కాసేపటికి పెన్నులు కదిలాయి.

కన్‌స్ట్రక్టర్ దగ్గర మాట ఇరుక్కుంది; రేకులోంచి ఇడ్లీ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్ అది. తలుపు దగ్గర నిలబడ్డ యజమాని అందించబోయాడు. "ఆ-గం-డి!" అన్నాను, చెయ్యెత్తి. ఆయన ఆగాడు. నిమిషం పట్టింది, కానీ ఆ మాట నేనే చెప్పాను.

ముందు బెంచీలో అమ్మాయి లేచింది. "మేడం, గా కన్‌స్ట్రక్టర్ మనం రాయకుంటే ఏమైతది?"

ఆరు నెలల్లో నన్ను ఒక మనిషి డౌట్ అడగడం అదే మొదలు. యజమాని వంక చూడకుండా బల్ల మీద చెయ్యి వేశాను. "మ-నం రా-య-క-పో-తే, జా-వా-నే రా-స్తుం-ది."