ఖాళీ కార్డు మీద సంతకం

ఉదయం ఐదున్నరకు కువైట్‌లో సులైబియా రేంజి గేటు ముందు దిగాను. ఇసుక గాలి. అప్పటికే ముప్పై ఎనిమిది డిగ్రీలు. నా కిట్: ఒక ట్రంకుపెట్టె, రెండు జతల ఖాకీ బట్టలు, మూడు నోటుపుస్తకాలు. మాది రాయచోటి. పద్దెనిమిదేళ్లు సైన్యంలో ఆయుధాల మరమ్మతు చేసి బయటికొచ్చాను. నాకు వీసా తీసి పనిలో పెట్టుకున్న కఫీల్‌కు అక్కడ లైసెన్సున్న షూటింగ్ రేంజి ఉంది. చలికాలంలో ఆయన విదేశాలకు వేటకు వెళ్తాడు. ఆయన రైఫిలుకు చేత్తో తూటాలు తయారుచేయడం నా డ్యూటీ.

తూటా ఎంత వేగంగా పోతే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకునేవాణ్ణి. రెజిమెంటు లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని పుస్తకాలు చదివాక బుర్రకెక్కింది. తూటాలో పేలుడు మందు పెంచితే వేగం పెరుగుతుంది. హద్దు దాటితే గురి చెదురుతుంది, లోపల ఒత్తిడి రైఫిలునే పేల్చగలదు. ప్రతి రైఫిలుకూ నచ్చిన వేగం ఒకటుంటుంది. దాన్ని వెతికి పట్టడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. చివరికి వంద మీటర్లలో ఐదు తూటాలు రూపాయి బిళ్ళ మూసేంత చోటులో పడ్డాయి.

వేగం కొలిచే యంత్రం చూసి కఫీల్ మూతి విరిచాడు. "స్పీడు తక్కువ."

"జింక యంత్రం చూడదు సార్," అన్నాను నా హిందీలో. నవ్వాడు.

స్టోరు మనిషిది అమలాపురం వైపు. ఖైతాన్‌లో మాది ఒకే గది, పై మంచం అతనిది. తక్కెడ చూడటం నుంచి అన్నీ నేనే నేర్పాను. ఏడు అంకె ఒకటిలా కనబడకుండా నడుముకు చిన్న గీత గీయమన్నదీ నేనే. తూటాల డబ్బా ప్రతిదానికీ ఒక కార్డు. మందు బరువు, కింద తూచినవాడి సంతకం. తూచకముందే సంతకం పెడితే సైన్యంలో శిక్ష.

వేట ప్రయాణానికి రెండు రోజుల ముందు, నా నివాస పర్మిట్టు, ఇఖామా పని మీద పొద్దున ఏడింటికి ఆఫీసుకు రమ్మన్నారు. ఇంకా నింపాల్సినవి ఆరు డబ్బాలు మిగిలాయి.

"ఎల్లిరండి మేస్టారూ. కార్డుల మీద సంతకం పడేసెల్లండి, మీరు చెప్పిన బరువే ఏస్తానండి, ఆయ్."

"తప్పు పడితే పోయేది నా పేరప్పా."

"మీ పేరూ నా పేరూ వేరేంటండీ?"

ఆరు ఖాళీ కార్డుల మీద సంతకం పెట్టాను.

సాయంత్రం నాలుగింటికి రేంజికి తిరిగొచ్చాను. కఫీల్, ఇద్దరు అతిథులు అప్పుడే మొదలుపెట్టారు. మొదటి తూటాకు యంత్రంలో పెద్ద అంకె. కఫీల్ చప్పట్లు కొట్టాడు. రెండోది గురి అట్ట అంచు దాటింది. మూడోదానికి బోల్టు బిగుసుకుంది. చెక్క సుత్తితో తట్టి తెరిచాను. ఇత్తడి గొట్టం అడుగున మందును అంటించే ప్రైమర్ బిళ్ళ నలిగి చదునైపోయింది. అది ఒత్తిడి హద్దు దాటిన గుర్తు. ఇంకొకటి కాల్చి ఉంటే ఆయన ముఖం మీదే పేలి ఉండేది. మిగిలిన తూటా ఒకటి విప్పి తూచాను. మందు ఎక్కువ.

"ఎవరు నింపారు?" కఫీల్ అడిగాడు.

స్టోరు మనిషి నేల చూశాడు. "ఉస్తాద్ రాసిచ్చిందే నింపాను సార్."

కఫీల్ కార్డు నా ముందు పెట్టాడు. "నీ సంతకమేనా?"

"నాదే సార్. కానీ అంకె..."

"ఖలాస్."

గదికి వచ్చి పెట్టె సర్దుకుంటూ అడిగాను. "ఎందుకు చేస్తివప్పా?"

"ఆయన స్పీడు స్పీడు అంటన్నారు కదండీ. బాగుంటే నేనే చేశానని చెబుదామనుకున్నానండి."

"చెడిపోతే?"

పై మంచం ఎక్కి గోడ వైపు తిరిగాడు.

నాలుగో రోజు విమానం ఎక్కాను. ఇప్పుడు రాయచోటి లైబ్రరీలో ఉదయం పేపరు చదువుతాను. ఎక్కడ ఏడు అంకె కనబడినా ఆ కార్డే కళ్ళముందుకొస్తుంది. కింద నా సంతకం. పైన నాది కాని బరువు. అందులో ఏడు నడుముకు, నేను నేర్పినట్టే, శుభ్రంగా గీసిన చిన్న గీత.