తెల్లని అల్లిక

లీరాలు పోయి యూరోలు వచ్చి, గ్రావీనా ఊరి దిగువన గోధుమచేల నడుమ బాట రెండుమార్లు తారు పరుచుకుని రెండుమార్లు గుంతలపాలై, తనతో బడికి వెళ్లిన ఆడపిల్లల్లో సగంమంది సమాధిరాళ్ల మీద పేర్లుగా మిగిలిపోయిన కాలానికి కూడా, డెబ్బైరెండేళ్ల ఓర్తెన్సియా మాత్రం మంచమూ పొయ్యీ అమర్చుకున్న తన పాత ఇంటిబండి స్టీరింగును విడిచిపెట్టలేదు.

విడిచే వీలు ఆమెకు లేదు. భర్త ఎజీదియో పక్షవాతంతో ఆసుపత్రిలో పడి ఉన్ననాడు, ఆయన బతికితే ఏటా మే నెలలో కొండ మీది దేవుని ప్రధానదూత గుహాలయానికి తీసుకువస్తానని మొక్కుకుంది. ఆయన బతికాడు. ఎత్తి కూర్చోబెట్టడం, తినిపించడం, కడగడం అన్నీ ఆమెవే. ఇంట్లో పలకని ఆ మనిషి బండి ఎక్కితే మాత్రం పలికేవాడు.

ఆ కొండదారిలో ఇంజను కాగిపోతుంది. వేడిని చూపే ముల్లు ఎర్రగీతను చేరకముందే ఆపి చల్లార్చుకోవాలి. ఈ వసంతంలో ఆ ముల్లే ఆమెకు కనబడటం మానేసింది. ఎండెక్కితే చాలు, డాష్‌బోర్డు గాజుపలక మీద పాలపొర కమ్మినట్లుండేది. మొక్కు ఇక వారముందనగా భర్తతో సంతకు బయలుదేరి, ముల్లు సంగతి తెలియక దారిలో పొగలు కక్కించింది. బండిని మెకానిక్కు సవీనో షెడ్డుకు లాక్కుని వచ్చారు.

"నా కళ్లు పోయాయిరా. బండిని కొనేవాడెవడైనా ఉంటే చూడు," అంది.

"కళ్లు కాదు పిన్నీ, బల్బులు. నా పెళ్లికి ముందువి ఇవి!"

సవీనో గొట్టం మార్చి, నీళ్లు పోసి, డాష్‌బోర్డు విప్పి కొత్త బల్బులు వేశాడు. గాజుపలకను రెండువైపులా తుడిచాడు. బండి ఎండలోకి వచ్చింది. పాలపొర అలాగే ఉంది.

ఓర్తెన్సియా ఇంజను ఆపింది. దిగి మెట్టు మీద కూలబడింది. ఏడ్వడానికి కూడా ఓపిక లేదు. వెనుక సీట్లో ఎజీదియో గోడవైపు తిరిగాడు.

బండిని నీడకు చేర్చాలని సవీనో స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"పిన్నీ! నాకూ కనబడటం లేదు!"

"ముప్పైఐదేళ్లకే నీకేం వచ్చింది?"

అతడు వంగి చూశాడు. గాజుపలకకు సరిగ్గా దిగువన, స్టీరింగు తొడుగు మీది పగులును కప్పుతూ ఓర్తెన్సియా అత్తగారు అల్లిన లేసుగుడ్డ బిగించి ఉంది. దాన్ని ఎత్తాడు. పొర మాయమైంది. దించాడు. మళ్లీ కమ్మింది.

"దీన్నేం చేశావు?"

"ఏళ్లు గడిచి పసుపుబారిపోయింది. దేవదూత ముందుకు అలా తీసుకువెళ్లనా? ఈమధ్యే బ్లీచింగులో నానబెట్టి, గంజి పెట్టాను."

"మెరిసిపోతోంది! ఎండంతా దీనిమీద పడి గాజులోకి ఎక్కుతోంది. తీసెయ్."

"మా అమ్మది," అన్నాడు ఎజీదియో వంకరపోయిన నోటితో. "తీయొద్దు."

ఓర్తెన్సియాకు ఒక సంగతి తట్టింది. తన తల్లి పోయినప్పుడు సంతాపపు బట్టలకు అద్దిన నల్లరంగు పొట్లమొకటి ఇంట్లో మిగిలి ఉంది. ఆ సాయంత్రమే దాన్ని కుండలో మరిగించి లేసుగుడ్డను అందులో ముంచింది. మర్నాడు నల్లని అల్లికను బిగిస్తుంటే వెనుక సీట్లోంచి ఎజీదియో అన్నాడు:

"ఏమే, నేనింకా ఉన్నానుగా! బండికప్పుడే విధవ వేషమా?"

"నువ్వు పోతే నేను ఎర్రబట్టలు కడతాను, చూస్తుండు."

ఆయన నవ్వాడు. నవ్వి దగ్గాడు. ఆమె నీళ్లు తాగించింది.

మొక్కునాడు ఆరో మలుపు దగ్గర ముల్లు ఎర్రగీతకు వేలెడు దూరంలో నిలిచింది. ఆమె దాన్ని స్పష్టంగా చూసింది. బండిని పక్కకు తీసి ఆపింది. ఇంజను చల్లారేదాకా ఎజీదియో తన తల్లి ఆ లేసును ఏ కిటికీ పక్కన అల్లిందో చెబుతూ ఉంటే, ఆమె స్టీరింగు మీద తల ఆనించి కళ్లు మూసుకుని విన్నది. ఇంకా పదకొండు మలుపులున్నాయి.

ఆ పదకొండింటా, ఆపై రాబోయే ప్రతి మే నెలలోనూ ప్రధానదూత రెక్కల నీడ ఆ బండిని కాయుగాక. అలసిన ఆ ఇల్లాలి కళ్లకు వెలుగు, చేతులకు విశ్రాంతి దక్కుగాక. ఆ ఇంట నవ్వు మరికొన్నేళ్లు పలుకుగాక.